పావుగంటలో అందవలసిన మందు

చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి కొండలనుండి దిగివచ్చు రోగులకు నర్సీపట్నము ఏరియా ఆసుపత్రియే తొలి పెద్ద ఆశ్రయమని ఈ ప్రాంతము నెరిగినవారికి చెప్పనక్కరలేదు. ఆ కొండలలో మహావృక్షములకును బండల చరియలకును వ్రేలాడు పట్టులకు పొగపెట్టి గిరిజనులు దింపెడి తేనెను, 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ కొని, సీసాలకెక్కించి పట్టణములలో విక్రయించుచున్నది. తేనె కొండ దిగు త్రోవ చక్కగనే యున్నది. తేనెటీగ కుట్టినవానికి మందు కొండ యెక్కు త్రోవయే సరిగా లేదు.

తేనెటీగ కుట్టినచో పెక్కుమందికి మంటయు వాపును తప్ప మరేమియు కాదు. కాని ఆ విషము ఒంటికి పడక అలర్జీ కలుగువారికి నిమిషములలో ఒళ్లంతయు దద్దురులెక్కి, గొంతు బిగిసి, రక్తపోటు పడిపోవును. తొలుత సహించిన విషమే మరియొకపరి అత్యల్పమాత్రలో ప్రాణము తీయగలదని కుక్కలయందు కనుగొని, 1913లో నోబెల్ బహుమానమందిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రిషే, ఈ స్థితికి 1902లోనే అనాఫిలాక్సిస్ అని పేరిడెను. దీనికి ప్రథమౌషధము అడ్రినలిన్: పెద్దవారికి అర మిల్లీగ్రాము, తొడ వెలుపలి కండరములో, జాగు లేక. అవిల్, డెక్సా సూదులు వేసి ఊరకుండుట మన పల్లెలలో పరిపాటి. అవి దద్దురుల నణచునేమో గాని, మూసికొనిపోవు గొంతును తెరువవు, కూలుచున్న రక్తపోటును నిలుపవు.

సంపన్నదేశములలో ఈ ఔషధమును కలమువంటి పరికరమున నింపి రోగి దగ్గరనే యుంచుదురు. అట్టిది మన మందుల దుకాణములలో దొరకుట అరుదు. ఆంపూలు రూపమున మాత్రము అదే మందు కొద్ది రూపాయలకు లభించును గనుక, పేదరికమును నిందించి తప్పించుకొనుటకు ఇచ్చట వీలులేదు. రోగిని డోలీలో మోసి రోడ్డెక్కించి, ఘాట్ రోడ్డు మలుపులు దిగి నర్సీపట్నము చేర్చుటకు గంటలు పట్టుచుండగా, విషము గుండె నాపుటకు తరచు పావుగంటయే చాలుచుండగా, ఆసుపత్రిలో ఎంతటి నిపుణుడున్నను ఏమి ప్రయోజనము?

విచిత్రమేమనగా, ఆ ఆంపూలు కొండమీద లేకపోలేదు. టీకాల దినమున పల్లెకు వచ్చు నర్సు (ఏ.ఎన్.ఎం.) సంచిలో అది యుండవలసినదే; టీకా వికటించి బిడ్డ ఊపిరాడక తల్లడిల్లినచో ఒక్క మోతాదు తానే ఇచ్చి ఆసుపత్రికి పంపు అధికారమును ప్రభుత్వమే ఆమెకొసగినది. టీకాకు పనికివచ్చిన చేయి తేనెటీగకు పనికిరాదా? ఆ అనుమతిని ఏ కారణమున వచ్చిన అనాఫిలాక్సిస్‌కైనను విస్తరింపజేసి, ఆ సంచిని సంవత్సరమంతయు గ్రామ ఆరోగ్య కేంద్రములో నుంచి, గడువు తీరిన ఆంపూళ్లను మార్చు పూచీని ఒకరికి అప్పగించుటకు క్రొత్త భవనములేవియు అక్కరలేదు.

జీడిపిక్కల రసము తగిలి చేతులు పొక్కిన కూలిస్త్రీల గతియు, వయ్యారిభామ పుప్పొడికి ఆయాసపడువారి గతియు వేరుగా వ్రాయదగినవి. వారు నర్సీపట్నమునుండి దాదాపు 80 కిలోమీటర్లు పోయి విశాఖలో చర్మపరీక్ష చేయించుకొనువరకైనను బ్రతికియుందురు. తేనె దింపువారి విషయమున రాష్ట్ర వైద్యారోగ్యశాఖనుండి వ్రాతపూర్వకమైన ఒక ఉత్తరువును, ఏ.ఎన్.ఎం.లకు ఒక పూట శిక్షణయు చాలును. ఈ రెండును వచ్చు తేనె ఋతువునకు ముందే జరుగవచ్చును.