వెల్సు యంత్రము – తెలుగు తెర

1991లో విడుదలయిన ‘ఆదిత్య 369’ చిత్రము 2025 ఏప్రిల్‌లో కొత్త మెరుగులు దిద్దుకొని మరల థియేటర్లకు వచ్చినది. అంతకు ముందటి సంవత్సరము, 2024 జూన్ 27న, ‘కల్కి 2898 ఏ.డి.’ విడుదలయినది. విజ్ఞాన కల్పన తెలుగు తెరకు పరాయి సరకు కాదని ఈ రెండును రూఢి చేసినవి. గాంధీనగరమున చిత్రముల పంపిణీ వ్యాపారమును కన్నులార చూచిన విజయవాడ వారికి ‘ఆడునా, ఆడదా?’ అన్నదే ఎల్లప్పుడును మొదటి ప్రశ్న. ఆడినవి గనుక ఆ ప్రశ్న తీరినది. బడిలో పాఠము చెప్పువారును, వినువారును అడుగవలసినది మరియొకటి కలదు. విజ్ఞాన కల్పనా నవల తెరకెక్కునపుడు ఏది తెరమీదికి వచ్చును? ఏది పుస్తకములోనే మిగిలిపోవును?

‘ఆదిత్య 369’కు ప్రేరణ ఎచ్.జి. వెల్సు 1895లో ప్రకటించిన ‘ది టైమ్ మెషీన్’ నవల. సింగీతం శ్రీనివాసరావుగారే ఈ మాట చెప్పియున్నారు. ఆ నవల పరిమాణమున చిన్నదే కాని, లోతు చాల ఎక్కువ. అందలి యాత్రికుడు 8,02,701వ సంవత్సరమునకు పోవును. అక్కడ మానవజాతి రెండుగా చీలియుండును. నేలపైన ఎలాయీలు: సుకుమారులు, సోమరులు, ఏమియు తెలియనివారు. నేలక్రింద మార్లాకులు: యంత్రములను నడుపువారు, వెలుతురు చూడలేనివారు. యాత్రికుడు మొదట ఒక ఊహ చేయును. అది తప్పని తేలును. మరియొక ఊహ చేయును. తుదకు అతనికి తట్టిన కారణమిది: యజమానులు పైన ఉండి కార్మికులను క్రిందికి త్రోసిరి, లక్షల సంవత్సరములు గడచుసరికి వర్గభేదము జాతిభేదమైపోయినది. ఇప్పుడు క్రిందివారు పైవారిని వేటాడి తినుచున్నారు. యంత్రము వట్టి వాహనము మాత్రమే. వెల్సు చెప్పదలచినది ఈ వాదము.

మరి తెర ఏమి చేసినది? 1960లో జార్జి పాల్ తీసిన చిత్రమున యంత్రము ఎంతో ముచ్చటగా ఉన్నది. పిల్లలు నేటికిని దానిని చూచి ఆనందింపగలరు. కాని కారణము మారినది. కార్మికులు పోయి, వారి స్థానమున దీర్ఘకాలపు మహాయుద్ధము వచ్చినది. 2002లో వచ్చిన చిత్రమునకు దర్శకుడు సైమన్ వెల్సు, అనగా గ్రంథకర్తకు సాక్షాత్తు మునిమనుమడే. అందులో చంద్రమండలము బ్రద్దలగుటయే కారణము. ముత్తాత వాదమును మునిమనుమడును తెరకెక్కింపలేదు! నేలక్రింది చీకటి మాత్రము ఏ చిత్రమునను పోలేదు. చీకటి కంటికి కనబడును, దాని కారణము కనబడదు. కారణమును మాటలలో చెప్పవలెను. మాటలనగా నిర్మాతలకు భయము.

మన చిత్రము సంగతి ఇంకను చిత్రమైనది. వెల్సు యాత్రికుడు మనకు చెప్పు ప్రయాణమంతయు భవిష్యత్తునకే. సింగీతంవారు యంత్రమును ముందుగా వెనుకకు త్రిప్పి శ్రీకృష్ణదేవరాయల ఆస్థానమునకు, తెనాలి రామకృష్ణుని సముఖమునకు తీసికొనిపోయినారు. తెలుగువానిని భవిష్యత్తునకు పంపవలెనన్న మొదట విజయనగరము చూపించి బుజ్జగింపవలెనని ఆయన గ్రహించినారు. అటుపిమ్మట 2504వ సంవత్సరము: మూడవ ప్రపంచయుద్ధము ముగిసినది, అణుధూళి వలన జనులు భూగర్భమున జీవించుచున్నారు. ఇక్కడను నేలక్రింది బ్రతుకే. ఇక్కడను యుద్ధమే కారణము. 1986 నాటి చెర్నోబిల్ ప్రమాదము జనుల మనస్సులలో ఇంకను మెదలుచున్న రోజులవి గనుక ఆ భయము కృత్రిమము కాదు. పైగా ఇది అనువాదమని ఎవరును చెప్పుకొనలేదు. నన్నయ భారతమును తెనిగించునపుడు కొంత విడిచెను, కొంత పెంచెను. స్వేచ్ఛ మనకు కొత్త కాదు. అయితే నన్నయ ధర్మచర్చను విడిచి రథములను మాత్రము తెనిగింపలేదు.

‘కల్కి’కి మూలమైన నవల లేదు, పురాణములే ఆధారము. కురుక్షేత్రమునకు ఆరువేల సంవత్సరముల పిమ్మట కాశి యొక్కటే మిగిలిన నగరము. దాని పైన ‘కాంప్లెక్సు’ అను భోగలోకము. క్రింద నీటికి సైతము అంగలార్చు జనము. వెల్సు పేరుతో వచ్చిన చిత్రములు వదలివేసిన వాదము వెల్సు పేరు లేని చిత్రమున తిరిగి కనబడుట నాకు ఆశ్చర్యమును, సంతోషమును కలిగించినది. దర్శకుడు నాగ్ అశ్విన్‌కు సింగీతంవారు మార్గదర్శిగా ఉండిరి. కాని ఆ దృశ్యమును చూచి ‘ఇది ఎందుకిట్లయినది?’ అని ప్రేక్షకుడు అనుకొనునంతలో తరువాతి పోరాటము మొదలగును.

కాలపరిమితియే కారణమందురా? ఫ్రాంక్ హెర్బర్టు 1965లో వ్రాసిన ‘డ్యూన్’ను డేవిడ్ లించ్ 1984లో 2 గంటల 17 నిమిషములలో ఇమిడింపబోయి పాత్రల ఆలోచనలను గుసగుసలుగా వినిపించెను. అది ఎవరికిని రుచింపలేదు. విలెనూవ్ దానిని 2021లోను, 2024లోను రెండు భాగములుగా తీసి, గుసగుసలు మాని మౌనమునకు చోటిచ్చెను. నిడివి కొంత మేలు చేసినది. ఏది చెప్పవలెను, ఏది చూపవలెను అన్న వివేకము అంతకంటె ఎక్కువ మేలు చేసినది.

ఇక మన యూరి మాట. ఇక్కడి ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో చాలకాలము తెలుగు బోధించిన విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’ 1969లో చిత్రమైనది. ఆయనదే ‘హాహా హూహూ’. గుఱ్ఱపు తల గల గంధర్వుడొకడు లండను ట్రఫాల్గర్ కూడలిలో వచ్చి పడును. అతనిని బోనులో పెట్టి పండితులు పరీక్షింతురు. అతడు సంస్కృతమున మాటలాడును. దీనిని విజ్ఞాన కల్పన అనవచ్చునా అని తగవులాడువారు తగవులాడుదురు గాక! పరీక్షించువాడెవడు, పరీక్షింపబడువాడెవడు అన్న సందేహము పుట్టించుటలో అది ఏ పాశ్చాత్య నవలకును తీసిపోదు. గుఱ్ఱపు తలను నేటి కంప్యూటరు సులభముగా అతికింపగలదు. దానిని తీయు నిర్మాత దొరకినచో ధనమంతయు ఆ తలకును, ఆ బోనుకును పోవుననియు, సంభాషణము మొదట కత్తిరింపబడుననియు నా భయము.

ఉపాధ్యాయ మిత్రులు పై తరగతులలో ఒక పని చేయించి చూడవచ్చును. గంధర్వుని బోను దగ్గరకు పండితుడు వచ్చు ఘట్టమును నవలలో చదివించి, అయిదు నిమిషముల దృశ్యముగా వ్రాయుమని విద్యార్థులకు చెప్పవలెను. పోరాటము ఉండరాదు, మాటలే ఉండవలెను. వ్రాసిన పిమ్మట ఏ వాక్యమును కొట్టివేసిరో, ఎందుకు కొట్టివేసిరో వారి నోటనే చెప్పింపవలెను.