గాలి ఎటు వీస్తోంది?

2023 డిసెంబరు 26 అర్ధరాత్రి, మన చెన్నై ఎన్నూరులో ఓడ నుంచి ఎరువుల ఫ్యాక్టరీకి అమ్మోనియా తెచ్చే సముద్రం అడుగు గొట్టం లీకైంది. పెరియకుప్పం జనం కళ్లు మండి, ఊపిరాడక రోడ్డు మీదికి పరుగెత్తారు. పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు.

భయంలో కాళ్లు ఎటు లాగితే అటే పోతాం. కానీ గాలి వాలున పరుగెత్తితే గ్యాసూ మన వెంటే వస్తుంది. గాలి దారి నుంచి పక్కకు తప్పుకుని, అది వీచే దిక్కుకి ఎదురుగా వెళ్లాలి. దండెం మీది చీర చూసినా గాలి ఎటో తెలుస్తుంది. అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి ముక్కుకి తడిగుడ్డ కొంత మేలు. అది మండే వాయువు కూడా. అగ్గిపుల్ల గీయకూడదు, స్విచ్ ముట్టకూడదు. బయటపడే వీల్లేకపోతే తలుపులు, కిటికీలు మూసి సందుల్లో తడిబట్టలు కుక్కాలి.

ఇంతే కదా, నాలుగు మాటలు! ఇవి ఫ్యాక్టరీ ఫైళ్లలో ఇంగ్లీషులో పడుంటే వీధిలో అవ్వకి ఏం లాభం? సైరన్ నిద్ర లేపుతుంది గానీ దారి చూపదు. ముందే చెప్పి, ఏడాదికోసారి ఊరందరితో సాధన చేయించడం కంపెనీ, సర్కారు బాధ్యత. ఆ నాలుగు మాటలూ అందరికీ అర్థమయ్యే తెలుగులో, తమిళంలో రాసివ్వడం మాత్రం భాష చదువుకునే మనకి చేతకాని పనేం కాదు.