ల్యాప్‌టాప్ మూసేసి పడుకో తమ్ముడూ!

మొన్న రాత్రి పదకొండున్నరకి మా పిన్ని కొడుకు ఫోన్. ఎంటెక్ రెండో ఏడాది, ప్రాజెక్ట్ రివ్యూకి ఆరు రోజులే టైముంది. "అన్నా, క్లస్టర్‌లో నా అకౌంట్ లాక్ అయిపోయింది. ఎవడో హ్యాక్ చేసినట్టున్నాడు!"

హ్యాకూ లేదు, పాడూ లేదు. మనవాడు ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో కాలేజీ క్లస్టర్‌లోకి లాగినై, ముందు కనిపించిన మెషీన్‌లోనే ప్రోగ్రామ్ రన్ చేసి భోజనానికి వెళ్లాడు. అది లాగిన్ నోడ్. అంటే ఇంటి వరండా లాంటిది. అందరూ చెప్పులు విప్పుకునే చోట పొయ్యి పెట్టి పప్పు ఉడకేస్తే ఊరుకుంటారా? మిగతావాళ్లకి ఫైల్ కూడా ఓపెన్ కాలేదట. అడ్మిన్ లాక్ చేశాడు. ఆయన తప్పేమీ లేదు.

అసలు వంట లోపలుండే కంప్యూట్ నోడ్లలో జరుగుతుంది. అక్కడికి మనం నేరుగా వెళ్లం, షెడ్యూలర్ పంపిస్తుంది. చాలాచోట్ల ఆ షెడ్యూలర్ పేరు స్లర్మ్. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎంతసేపు కావాలో చిన్న స్క్రిప్ట్‌లో రాసి 'ఎస్‌బ్యాచ్' కమాండ్‌తో ఇస్తే ఒక నంబరొస్తుంది. అంతే! ఆ తర్వాత వైఫై పోయినా, కరెంటు పోయినా మీ జాబ్‌కి ఏమీ కాదు. అది మీ ల్యాప్‌టాప్‌లో లేదు కదా.

టైము దగ్గర మాత్రం అత్యాశ వద్దు. మూడు గంటల పనికి 'ఎందుకైనా మంచిది' అని 24 గంటలు అడిగితే క్యూలో ఎక్కువసేపు కూర్చోవాల్సి రావచ్చు. పెద్ద జాబ్‌ల మధ్య ఖాళీ దొరికితే షెడ్యూలర్ అందులో పట్టే చిన్న జాబ్‌ని దూరుస్తుంది మరి. అలాగని తక్కువ అడిగితే టైమైపోగానే మధ్యలోనే చంపేస్తుంది. ముందు చిన్న డేటాతో ఓసారి నడిపి చూసుకుని, అంచనా కంటే కొంచెం ఎక్కువ అడగండి.

"లాగిన్ గొడవ లేకుండా నా ల్యాప్‌టాప్ నుంచే పంపలేనా?" అన్నాడు వీడు. మంచి ప్రశ్నే. స్లర్మ్‌లో అలా కుదరాలంటే మీ మెషీన్ ఆ క్లస్టర్ ఇంటిమనిషైపోవాలి. మామూలుగా అక్కడ నమ్మకమంతా మంజ్ అనే సర్వీస్ మీదుంటుంది. దాని రహస్య కీ రెండువైపులా ఒకటే ఉండాలి. గడియారం ఐదు నిమిషాలకి మించి తేడా వచ్చినా ఒప్పుకోదు. ఆ కీని స్టూడెంట్ ల్యాప్‌టాప్‌కి ఏ అడ్మినూ ఇవ్వడు. ఇవ్వకూడదు కూడా.

దానికో దగ్గరి దారుంది. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ చివర్లోనే ఎస్‌బ్యాచ్ లైను తగిలించేయండి. లోపలికెళ్లి జాబ్ ఇచ్చి, నంబరు పట్టుకుని వచ్చేస్తుంది. కాకపోతే ఫైళ్లని అది క్లస్టర్‌లోనే వెతుకుతుంది, మీ డీ డ్రైవ్‌లో కాదు! ముందే ఆర్‌సింక్‌తో పంపేయాలి. నేను మొదట్లో ఈ ఒక్కదానికే ఓ పూటంతా తల పట్టుకున్నాను.

హెచ్‌టీకాండర్ దారి వేరు. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో 1980లలో, ఖాళీగా పడున్న డెస్క్ కంప్యూటర్లని వాడుకోవడానికి పుట్టింది కాబట్టి ఫైళ్లు మోసుకెళ్లడం దానికి అలవాటే. బయటి మెషీన్ నుంచి స్పూల్ ఆప్షన్‌తో జాబ్ ఇస్తే ఇన్‌పుట్ ఫైళ్లూ వెళ్లిపోతాయి. ఫలితాలు మాత్రం మనమే ఇంకో కమాండిచ్చి తెచ్చుకోవాలి.

మాటల్లో అసలు విషయం బయటపడింది. రూమ్మేట్ 'ఒక్క జాబే' అంటే వీడు తన ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీని వాట్సాప్‌లో పంపాడట! అప్పుడు నిజంగా కోపమొచ్చింది. 2020 మేలో బ్రిటన్‌లోని ఆర్చర్ సహా యూరప్‌లో పలు సూపర్ కంప్యూటర్లలోకి చొరబాట్లు జరిగాయి. దొంగలు వాడింది యూజర్ల దగ్గర కొట్టేసిన లాగిన్లే. ఆర్చర్‌ని రోజుల తరబడి ఆపేసి, అందరి పాస్‌వర్డ్‌లూ కీలూ మార్పించారు. ఎవరి రీసెర్చ్ ఎక్కడ ఆగిపోయిందో!

పాత కీ తీసేయించాను. అడ్మిన్‌కి ఉన్నదున్నట్టు మెయిల్ రాయించాను. రెండు రోజులకి అకౌంట్ తెరిచారు. నిన్న రాత్రి మళ్లీ ఫోన్. "అన్నా, నాలుగు గంటలడిగి జాబ్ ఇచ్చా. పీడీ అని చూపిస్తోంది, పోయిందా?"

"పీడీ అంటే పెండింగ్ రా. పక్కన కారణమేముంది?"

"ప్రయారిటీ అనుంది."

"నీ ముందు వేరేవాళ్లున్నారు. ల్యాప్‌టాప్ మూసేసి పడుకో."