సాయం గడి పక్కనే ఉండాలి
డేటాబేస్ అప్లికేషన్ తయారుచేసేవాళ్లు సహాయపు విండోను ఆఖరి రోజు పనిగా మిగుల్చుకోవడం నాకు మింగుడుపడదు. ఎంట్రీ చేసే మనిషికి అనుమానం వచ్చేది ఒక్క గడి దగ్గరే: ఇక్కడ వేయాల్సింది బిల్లు తేదీయా, సరుకు అందిన తేదీయా? అప్పుడు కావలసింది లావుపాటి మాన్యువల్ కాదు, రెండు వాక్యాలు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌నే తీసుకోండి. టేబుల్ డిజైన్‌లో ఫీల్డుకు డిస్క్రిప్షన్ రాసిపెడితే, ఆ ఫీల్డును ఫారం మీదికి లాగినప్పుడు అదే స్టేటస్ బార్ వాక్యమవుతుంది. తెర అడుగున ఉన్న ఆ వాక్యం మీదికి ఎంతమంది చూపు పోతుంది? కంట్రోల్ టిప్ మౌస్ ఆనిస్తే కనిపిస్తుంది, కానీ 255 అక్షరాలే పడతాయి. పైగా ట్యాబ్ నొక్కుకుంటూ చకచకా పోయేవాళ్ల కంట అది పడనే పడదు. బయటి హెల్ప్ ఫైళ్లను నమ్ముకుంటే ఏమవుతుందో విండోస్ విస్టా చూపించింది; పాత హెల్ప్ ఫైళ్లను తెరిచే విన్‌హెల్ప్ ప్రోగ్రాము అందులో లేకుండా పోయింది. అందుకే సహాయ వాక్యాలకు విడిగా ఒక టేబుల్ పెట్టమంటాను. ఫారం పేరు, గడి పేరు, వివరణ, ఈ మూడు కాలమ్‌లు చాలు. గడి పక్కన ప్రశ్నార్థకం బటన్ నొక్కితే ఆ వివరణ చిన్న విండోలో తెరుచుకోవాలి. నిబంధన మారితే కోడ్ ముట్టుకోనక్కర్లేదు, ఆ వరుస దిద్దితే సరి. యాక్సెస్ 2000 నుంచి యూనికోడ్ ఉంది కాబట్టి ఆ వివరణ తెలుగులోనే రాయొచ్చు. అయితే రాసేముందు ప్రోగ్రామర్ ఒక పూట ఎంట్రీ చేసే గుమస్తా పక్కన కూర్చుని, ఆమె చెయ్యి ఏ గడి దగ్గర ఆగిందో చూడాలి, ఆమె అడిగిన ప్రశ్నను ఆమె మాటల్లోనే రాసుకోవాలి.