కర్త ఒక్కడేనా?



గత వేసవిలో అమెరికా నుండి వచ్చిన ఒక కుటుంబం మా ఆలయంలో అర్చన చేయించుకుంది. వారి అబ్బాయి చొక్కాపై ఉన్న పేరు ఎవరిదని అడిగాను. "కెవిన్ డ్యూరాంట్, బాస్కెట్‌బాల్ ఆటగాడండీ పంతులుగారూ. 2007లో ఇతణ్ణి కాదని గ్రెగ్ ఓడెన్‌ను ముందు తీసుకున్నారు. వాడు ఒట్టి వేస్టు" అన్నాడు. ఆ చివరి మాట నన్ను వదలలేదు. ఓడెన్ వృత్తాంతం తెలుసుకున్నాను.

ఏడడుగుల దేహం. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక్క సంవత్సరం ఆడగానే దిగంతాలకు పాకిన కీర్తి. ఆ యేటి నూతన క్రీడాకారులలో పోర్ట్‌లాండ్ ట్రయిల్ బ్లేజర్స్ జట్టు ప్రథమంగా వరించింది అతణ్ణే, ద్వితీయుడు డ్యూరాంట్. మూడు మాసాలు గడవకముందే ఓడెన్ కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది; తొలి సంవత్సరమంతా ఒక్క ఆటా ఆడలేదు. 2009 డిసెంబరులో ఎడమ మోకాలి చిప్ప పగిలింది. 2010 నవంబరులో అదే మోకాలికి మరల శస్త్రచికిత్స. 2012లో ఆ జట్టు విడిచిపెట్టేనాటికి అతడు ఆడినవి మొత్తం 82 ఆటలు. ఒక జట్టు ఒక్క సంవత్సరంలో ఆడే ఆటల సంఖ్య అది! తరువాత మయామీ జట్టులో మరి 23. డ్యూరాంట్ 2014లో ఆ పోటీలన్నిటికీ ఉత్తమ క్రీడాకారుడయ్యాడు. కనుక లోకం ఓడెన్‌కు "వ్యర్థుడు" అనే బిరుదు తగిలించింది.

గీత పదునెనిమిదవ అధ్యాయంలో భగవానుడు ప్రతి కర్మకూ ఐదు హేతువులు నిరూపించాడు: అధిష్ఠానమైన శరీరం, కర్త, ఇంద్రియాది కరణాలు, వివిధ చేష్టలు, ఐదవది దైవం. కేవలం తననే కర్తగా తలచేవాడు యథార్థాన్ని చూడడం లేదనీ అన్నాడు. తన విషయంలో తగని ఆ దృష్టి పరుల విషయంలో మాత్రం ఎలా తగుతుంది? ఓడెన్ కథలో విరిగినది అధిష్ఠానం. నింద పడినది కర్తపై.

అయితే సమస్తం దైవంపైకి నెట్టి మనిషిని నిర్దోషిని చేయవచ్చునా? కూడదు. 2014లో ఓడెన్ ఒక స్త్రీని కొట్టాడు. న్యాయస్థానంలో నేరం అంగీకరించాడు. మోకాలు పగలడం అతని అపరాధం కాదు; ఇది ముమ్మాటికీ అపరాధం. ఇక్కడ కర్త అతడే. లోకం మాత్రం అపరాధం కానిదాన్ని నిత్యం స్మరించి, అపరాధమైనదాన్ని విస్మరిస్తోంది. అనంతరం అతడు తన విశ్వవిద్యాలయానికే తిరిగి వెళ్ళి, మధ్యలో వదిలిన చదువును 2019లో పూర్తిచేసి పట్టా పొందాడు. ఆ పురుషకారమూ అతనిదే. నింద గానీ ప్రశంస గానీ తగిన స్థానంలో ఉంచడమే వివేకం.

ఈ వివేకం నాకు ఆలస్యంగా కలిగింది. వేదపాఠశాలలో నా సహాధ్యాయి ఒకడు ఘనపాఠి అవుతాడని మా గురువుగారు ఆశించారు. పదిహేడవ యేట వ్యాధి వచ్చి అతని కంఠం పోయింది. "వాడి చదువు బూడిదలో పోసిన పన్నీరు" అని అందరూ అన్నారు; నేనూ అన్నాను. అతడు ఆ పాఠశాల వంటశాలలోనే ఉండిపోయాడు. మేము వల్లెవేస్తుండగా ఎక్కడైనా స్వరం తప్పితే, పొయ్యి దగ్గర నుండి గరిటెతో గిన్నెపై ఒక్కసారి తట్టేవాడు. క్రమాంత పరీక్షలో నేను తప్పులేకుండా చెప్పిన పనసల వెనుక ఆ గరిటె చప్పుడుంది. నా మాటకు అతణ్ణి నేనెన్నడూ క్షమాపణ కోరలేదు.

ఆ రోజు ఆ అబ్బాయికి ఏ సమాధానమూ చెప్పలేకపోయాను. ప్రసాదం చేతిలో పెట్టి పంపాను. అతనికీ, నా సహాధ్యాయికీ నేను బాకీపడిన మాట ఇదే: ఫలం చూచి మనిషిని వ్యర్థుడనకండి, ఐదు హేతువులలో ఏది విరిగిందో ముందు విచారించండి.

ఇతి శమ్.