మూడేళ్ళ కాగితం చాలదు
గర్భిణులకిచ్చే హార్మోన్ మందుల మీద మా ప్రణాళిక

గర్భం నిలవడానికని ఇచ్చిన మందు పేరు ఆ తల్లికి తెలియాలి. కడుపులో ఉన్న బిడ్డ పెద్దయ్యాక ఆ బిడ్డకూ తెలియాలి. మా సంఘం పెట్టుకున్న మొదటి సూత్రం ఇదే. మిగిలినవన్నీ దీన్నుంచి పుట్టినవే.

ఇంత పట్టుదల ఎందుకంటే, అమెరికాలో డీఈఎస్ ఏం చేసిందో మాకు తెలుసు. డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే ఈ కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసింది. పేటెంట్ లేదు, ఖర్చు తక్కువ. దాంతో ఎన్నో కంపెనీలు దాన్ని చేసి అమ్మాయి. గర్భస్రావం ఆగుతుందన్న నమ్మకంతో 1947లో అమెరికా ప్రభుత్వం గర్భిణులకు వాడేందుకు అనుమతించింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో డీక్‌మన్ బృందం సుమారు 1,600 మంది గర్భిణుల మీద పరీక్షించి చూసింది. ఈ మాత్ర వేసుకున్నవాళ్ళకూ, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళకూ తేడా లేదని తేలింది. తమకేం ఇస్తున్నారో చెప్పలేదని ఆ స్త్రీలలో కొందరు తర్వాత కోర్టుకెక్కారు. పనిచేయదని తేలిన ఆ మందును మరో పద్దెనిమిదేళ్ళు రాస్తూనే ఉన్నారు. మా కోపమంతా ఆ పద్దెనిమిదేళ్ళ మీదే.

హాని బయటపడిన తీరు ప్రతి గర్భిణికీ, ప్రతి డాక్టరుకూ తెలియాలి. 1960ల చివర బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు ఇరవయ్యేళ్ళకు అటూ ఇటూగా ఉన్న అమ్మాయిలు యోని క్యాన్సర్‌తో వచ్చారు. ఆ వయసులో దాదాపు కనిపించని రకం అది. డాక్టర్లకు అంతుబట్టలేదు. ఒకమ్మాయి తల్లి, ఈ పిల్ల కడుపులో ఉండగా తాను డీఈఎస్ వాడానని, దీనికీ దానికీ ఏమన్నా సంబంధం ఉందా అని అడిగింది. అప్పుడు ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు మిగతా తల్లులనూ అడిగారు. ఎనిమిది మందిలో ఏడుగురు తల్లులు అదే మందు వేసుకున్నారు. 1971 ఏప్రిల్‌లో ఆ పరిశోధన అచ్చయింది, నవంబరులో ప్రభుత్వం గర్భిణులకు ఈ మందు వద్దని హెచ్చరించింది. అన్నేళ్ళ తర్వాత కూడా ఆ తల్లికి మందు పేరు గుర్తుంది కాబట్టే ఆ ప్రశ్న వచ్చింది.

ఆ క్యాన్సర్ వచ్చింది కూతుళ్ళలో సుమారు వెయ్యికి ఒకరికి. అంతకంటే ఎక్కువమందిని పట్టిన బాధలు వేరే ఉన్నాయి. గర్భసంచి ఆకారం మారిపోవడం, గర్భం గొట్టంలో నిలవడం, నెలలు నిండకుండానే కాన్పవడం. 2011లో వచ్చిన పెద్ద అధ్యయనం లెక్క ప్రకారం పిల్లలు కలగక ఇబ్బంది పడ్డవాళ్ళు ఈ కూతుళ్ళలో వందకు 33 మంది, మామూలు స్త్రీలలో 15 మంది. నెలలు నిండని కాన్పులు 53, 18. కొడుకుల్లో వృషణాలు కిందికి దిగకపోవడం వంటివి కనిపించాయి. మాత్రలు మింగిన తల్లులకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంత పెరిగింది.

మన దగ్గరా ఇలాంటి మందుల మీద పోరాటం జరిగింది. నెల తప్పితే గర్భమో కాదో చూసుకోవడానికని ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ ఎక్కువ మోతాదులో కలిపిన మాత్రలు అమ్మేవారు. పుట్టే బిడ్డలకు వీటివల్ల లోపాలు రావచ్చని బ్రిటన్‌లో ఇసబెల్ గాల్ 1967లోనే హెచ్చరించారు. మన ప్రభుత్వం 1982లో నిషేధానికి పూనుకుంటే కంపెనీలు కోర్టులకెళ్ళి స్టే తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలు, ఆరోగ్య సంఘాలు పట్టు వదలకపోతే, బహిరంగ విచారణల తర్వాత 1988లో నిషేధం వచ్చింది. ఆ రోజుల్లోనే, 1985లో, హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు ప్రయోగానికి ఆడవాళ్ళను పోగేశారు. అది ప్రయోగమని వాళ్ళకు చెప్పింది స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు. తెలియగానే చాలామంది లేచి వెళ్ళిపోయారు. మరుసటి ఏడు ఆ సంఘం ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మేం నడవదలచింది వాళ్ళ దారినే.

హార్మోన్ మందులన్నీ విషమని మేం అనం. 2019లో బ్రిటన్‌లో 4,000 మందికి పైగా గర్భిణులతో చేసిన పరీక్షలో, రక్తస్రావం అవుతున్నవాళ్ళందరినీ కలిపి చూస్తే ప్రొజెస్టరాన్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంతకుముందు గర్భస్రావాలైనవాళ్ళకు మాత్రం మేలు కనిపించింది. అలాంటి ఆమెకు మందు అందాల్సిందే. నెల తప్పిన ప్రతి అమ్మాయికీ ‘బలానికి’ అని రాసే అలవాటు మాత్రం పోవాలి. నెలలు నిండని కాన్పులను ఆపడానికని ఇచ్చే హైడ్రాక్సీప్రొజెస్టరాన్ కాప్రోయేట్ సూదికి అమెరికా 2023లో అనుమతి రద్దు చేసింది, పనిచేస్తుందని రుజువు కాలేదు గనక. 1960ల నాటి కాలిఫోర్నియా తల్లీబిడ్డల రికార్డులు తిరగేసిన ఒక అధ్యయనంలో, ఆ సూది పడ్డ తల్లుల పిల్లలకు పెద్దయ్యాక క్యాన్సర్ ముప్పు సుమారు రెట్టింపుగా కనిపించింది. అది ఒక్క అధ్యయనమే, తుది తీర్పు కాదు. కానీ ఆ మాత్రమైనా తెలిసింది అప్పటి రికార్డులు అక్కడ భద్రంగా ఉన్నందువల్లే.

మన దగ్గర ఉన్నదేమిటి? 2002 నాటి వైద్యమండలి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డు మూడేళ్ళు ఉంచితే చాలు. ఓపీలో చూపించుకుని ఇంటికెళ్ళే గర్భిణికి డాక్టరు రాసిచ్చిన చీటీయే దిక్కు. డీఈఎస్ హాని కనపడటానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. అందుకే గర్భిణికిచ్చిన ప్రతి హార్మోన్ మందు వివరం బిడ్డకు ముప్పయ్యేళ్ళు నిండేదాకా ఉండాలని కోరుతున్నాం. మందు పేరు, మోతాదు, ఎన్నో వారంలో మొదలైంది, ఎప్పుడు ఆపారు, ఎందుకు ఇచ్చారు అన్నవి తల్లీబిడ్డల రక్షణ కార్డులో తెలుగులో రాయాలి. అందుకో గడి ఉండాలి. సూది వేసే ముందు నర్సు మందు పేరు చెప్పి వేయాలి. ‘గర్భం నిలవడానికమ్మా’ అంటే సరిపోదు.

ఇంకొకటి. పిల్లకు ఏ జబ్బొచ్చినా ‘అప్పుడేం మింగావో’ అని తల్లిని వేలెత్తి చూపే ఇళ్ళున్నాయి. ఆమె బిడ్డ దక్కాలని మింగింది, డాక్టరు రాస్తే మింగింది. ఆమె మీద నింద వేసే ఏ మాటనూ మా సభల్లో, మా రాతల్లో రానివ్వం.

మందుల షాపులవాళ్ళకు ఒక విన్నపం. మాత్రల స్ట్రిప్ కత్తిరించి పేరున్న ముక్క మీరు ఉంచుకుని, మిగిలింది కాగితపు కవర్లో వేసి ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి’ అని ఇస్తున్నారు. గర్భిణికి అలా ఇవ్వొద్దు. పేరు, బ్యాచ్ నంబరు ఉన్న ముక్క ఆమెకే ఇవ్వండి, బిల్లు ఇవ్వండి. మా కార్యకర్తలు ఈ నెల నుంచే ఇంటింటికీ వెళ్ళి ఆ ముక్కల్నీ చీటీల్నీ ఫోనులో ఫొటో తీసి ఆ తల్లికే పంపుతారు, ఒక ప్రతి ఆమె కార్డుకు జతచేస్తారు.