ఇంటర్వ్యూ అడిగేది ప్రతిభనా, ఇంగ్లీషునా?

బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న మా బంధువుల అమ్మాయి ఈమధ్య ఫోన్ చేసి, "బాబాయ్, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?" అంది. రాజకీయాలు రాసుకునే నన్ను అడగవలసిన ప్రశ్న కాదనుకున్నాను. ఆ తంతు గురించి నలుగురిని వాకబు చేశాక, ఇది అచ్చంగా రాజకీయ ప్రశ్నేనని తోచింది.

మొదట ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. గంటో గంటన్నరో వ్యవధి, రెండు మూడు కోడింగ్ సమస్యలు, ముఖం మీద నుంచి కదలని కెమెరా. మధ్యలో కరెంటు పోతే ఆ నష్టం అభ్యర్థిదే. అది దాటినవారికి ఒకటి రెండు టెక్నికల్ రౌండ్లు: అర్రేలు, ట్రీలు, గ్రాఫులు, ఆపైన రెజ్యూమెలో రాసుకున్న ప్రాజెక్టు మీద గుచ్చి గుచ్చి ప్రశ్నలు. చివర హెచ్‌ఆర్. అయితే చాలామంది ఈ పరీక్ష దాకా రానేరారు. ఏ కాలేజీలకు వెళ్లాలో కంపెనీ ముందే నిర్ణయించుకుంటుంది. జాబితాలో లేని కాలేజీ పిల్లలకు మిగిలేది తెలిసినవాళ్ల సిఫారసు. దాన్నే ఇప్పుడు రిఫరల్ అని గౌరవంగా పిలుస్తున్నారు.

టెక్నికల్ రౌండులో సమాధానం రాస్తే చాలదు. ఎలా ఆలోచిస్తున్నారో రాస్తున్నంతసేపూ పైకి చెబుతూ ఉండాలి. బట్టీ పట్టినవారిని వడకట్టడానికి అది మంచి పద్ధతే, కాదనను. కానీ చెప్పవలసింది ఇంగ్లీషులో. పదో తరగతి దాకా తెలుగులో లెక్కలు చేసిన పిల్లకు మనసులో లెక్క తెలుగులోనే నడుస్తుంది. ఆమె ఏకకాలంలో రెండు పనులు చేయాలి: సమస్యను విప్పాలి, విప్పిన ప్రతి ముడినీ అనువదించాలి. ఆ అనువాదానికి పట్టిన మౌనాన్ని ఎదుటివారు అజ్ఞానంగా లెక్కగడతారు. కోడు సరిగా నడిచినా 'కమ్యూనికేషన్ బలహీనం' అన్న ఒక్క మాటతో వెనక్కి పంపేయవచ్చు. కారణం ఆమెకు చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు.

ప్రభుత్వం ఏం చేస్తోంది? 2024 జూలై బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ ఐదేళ్లలో కోటి మంది యువతకు 500 అగ్రశ్రేణి కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామన్నారు. ఐఐటీ, ఐఐఎం పట్టభద్రులను మినహాయించారు. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ తొలి విడతలో 82 వేలకు పైగా ఆఫర్లు వెళితే, చేరినవారు 9 వేల లోపే. అప్పుడు ఇచ్చిన భత్యం నెలకు 5,000 రూపాయలు, అందులోనూ 4,500 ఖజానా సొమ్మే. ఆ డబ్బుతో బెంగళూరులో నెల గడుస్తుందని నమ్మినవారు ఆ నగరంలో అద్దె కట్టి ఉండరు.

మరోవైపు, ఉద్యోగాల పేరుతో రాష్ట్రాలు పోటీలుపడి భూములిస్తున్నాయి. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకు ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. పరిశ్రమ రావడాన్ని నేను వ్యతిరేకించడం లేదు. ప్రజల భూమి పుచ్చుకున్న ఏ సంస్థ గుమ్మమైనా ప్రజల పిల్లలకు ఎలా తెరుచుకుంటుందో అడగడానికి మనకు హక్కుందంటున్నాను.

ప్రైవేటు కంపెనీ ఎవరిని తీసుకోవాలో ప్రభుత్వం చెబుతుందా అని కొందరు అంటారు. చెప్పనక్కర్లేదు. రాయితీ ఒప్పందంలో నాలుగు షరతులు రాస్తే చాలు: ఏ కాలేజీలకు వెళ్లారు, ఎందరిని పరీక్షించారు, ఎందరిని తీసుకున్నారు, ఎంత స్టైపెండ్ ఇచ్చారు అన్నది ఏటా ప్రకటించాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. సాంకేతిక వివరణను అభ్యర్థి తనకు వచ్చిన భాషలో ఇవ్వనివ్వాలి. ఇంటర్న్‌షిప్ పేరుతో విద్యార్థుల దగ్గరే డబ్బు గుంజి సర్టిఫికెట్లు అమ్మే దుకాణాలను మూయించాలి. ఈ నాలుగూ కొత్త చట్టం కోసం ఆగవలసినంత పెద్ద పనులు కావు.

ఆ అమ్మాయికి మాత్రం అప్పటికి నాకు తెలిసింది చెప్పాను. రోజుకొక సమస్యను గొంతెత్తి వివరిస్తూ సాధన చేయమన్నాను. స్టైపెండ్, గడువు, తర్వాత ఉద్యోగం ఇచ్చే అవకాశం గురించి కాగితం మీద అడగమన్నాను. డబ్బు కట్టమన్నవారి ఫోన్ వెంటనే పెట్టేయమన్నాను. వచ్చే బుధవారం ఆమె ఇంటర్వ్యూ.